పండుగ దీపములకు పిట్టగోడ

క్రొత్త యిల్లు కట్టుకొనువారికి దేవుడు మోషే ద్వారా ఇచ్చిన ఆజ్ఞ యొకటి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో ఉన్నది. మిద్దె చుట్టు పిట్టగోడ కట్టింపవలెననియు, అది లేనందున ఎవరైన పడి చనిపోయినయెడల ఆ దోషము ఆ యింటికే చుట్టుకొనుననియు దాని భావము. మిద్దె కట్టుకొనుట పాపము కాదు. పొరుగువాని ప్రాణమును తలంపకపోవుటయే దోషము. క్రిస్మసు దీపముల చరిత్రను చదువునపుడు ఈ ఆజ్ఞ మాటిమాటికి జ్ఞాపకము వచ్చుచుండును.

క్రిస్మసు చెట్టుకు దీపములు పెట్టు ఆచారము 17, 18 శతాబ్దములలో జర్మనీ దేశమున వ్యాపించెను. మార్టిన్ లూథరుగారే మొదట వాటిని వెలిగించెనని కథ చెప్పుదురు గాని, ఆయన కాలపు ఆధారమేదియు దానికి లేదు. 1848లో ఒక లండను పత్రిక, విక్టోరియా రాణి కుటుంబము దీపముల చెట్టు చుట్టు నిలిచియున్న చిత్రమును ప్రచురించిన తరువాత ఈ ఆచారము ఇంగ్లండులో మిక్కిలి ప్రబలెను.

ఆ దీపములు కొవ్వొత్తులే. నరికి తెచ్చిన చెట్టు దినదినము ఎండిపోవును. ఆ చెట్ల ఆకులలో త్వరగా అంటుకొను జిగురు ఉండును గనుక, నిప్పు తగిలినచో చూచుచుండగానే చెట్టు నిలువెల్ల మండును. అందుచేత వివేకముగల గృహస్థులు కొద్దిసేపు మాత్రమే దీపములు వెలిగించి, ప్రక్కన నీళ్ల బొక్కెన ఉంచుకొని కనిపెట్టుచుండెడివారు. అదియే వారి పిట్టగోడ.

1882 డిసెంబరులో ఎడిసను సహచరుడైన ఎడ్వర్డ్ జాన్సన్, న్యూయార్కులోని తన యింట క్రిస్మసు చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలము రంగుల విద్యుద్దీపములు 80 అమర్చెను. 20వ శతాబ్దారంభమున అట్టి దీపముల దండలు అంగళ్లకు వచ్చెను. అయితే అవి ధనవంతులకే అందుబాటులో నుండెను. కరెంటు లేని పల్లెలకు కొవ్వొత్తులే గతి.

అట్టి పల్లెలలో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమందలి బాబ్స్ స్విచ్ ఒకటి. 1924 డిసెంబరు 24వ తేది రాత్రి, అచ్చటి ఒకే గది గల బడిలో 200 మందికి పైగా క్రిస్మసు కార్యక్రమమునకు కూడిరి. పిల్లలకు కానుకలు పంచుచుండగా చెట్టుమీది కొవ్వొత్తి మంట ఎండిన కొమ్మకు తగిలెను. జనులు తలుపునొద్దకు పరుగెత్తిరి. ఆ తలుపు లోపలికి తెరచుకొనునది. వెనుకనున్నవారి త్రోపుడు వలన దానిని తీయుట కష్టమాయెను. కిటికీలకు బలమైన ఇనుప వల బిగించియుండెను. 36 మంది చనిపోయిరి. వారిలో అనేకులు పిల్లలు.

ఆ వల బిగించినవారు దుష్టులు కారు. దుండగులనుండి బడిని కాపాడుటకే దానిని పెట్టించిరి. చెట్టు నలంకరించినవారు పిల్లల సంతోషమునే కోరిరి. అందరి ఉద్దేశము మంచిదే. అయితే నిప్పు అంటుకొన్నచో ఏ దారిని బయటపడవలెనని ముందుగా యోచింపలేదు. సదుద్దేశము పిట్టగోడ కాజాలదు.

నేడు మన పల్లెలలోను కరెంటు దీపములే వెలుగుచున్నవి గదా, భయమేల అని యనుకొందుము. నిప్పు తన రూపమును మార్చుకొన్నది గాని మనలను విడిచిపోలేదు. ఇప్పటి ఎల్‌ఇడి బల్బులు అంతగా వేడెక్కవు. అయినను పైతొడుగు చిట్లిన తీగలు ఒకదానికొకటి తగిలినను, వదులైన అతుకు వేడెక్కినను, ఒకే ప్లగ్గునకు మోయలేనన్ని దండలు తగిలించినను మంట పుట్టును. ప్రక్కన కాగితపు నక్షత్రమో, తాటాకు పందిరియో, గడ్డివామో ఉన్నచో ఒక యింటి నిప్పు వీధినంతటిని కాల్చగలదు.

కావున ప్రియులారా, నిరుటి దండను పెట్టెలోనుండి తీసినప్పుడు తీగ పొడవునా చూడుడి, చిట్లినదానిని వాడకుడి. ప్లగ్గు లేకుండ వట్టి తీగ కొనలను సాకెట్టులో దూర్చకుడి. తీగలను చాప క్రిందగాని తలుపు సందునగాని నలుగనీయకుడి. పండుకొనుటకు ముందు దీపములార్పుడి. కరెంటు వలన నిప్పు పుట్టినచో మొదట మెయిన్ స్విచ్చి కట్టివేయవలెను. కరెంటు ఉండగా నీళ్లు పోయరాదు. పండుగ రాత్రి ఆరాధనలో గుడి తలుపులకు అడ్డముగా బల్లలు వేయకుడి, గడియలు తీసియుంచుడి. సంఘపెద్దలు ఈ పనిని ఒకరికి అప్పగించుట మేలు.

ఇది విశ్వాసలోపము కాదు, పొరుగువానిని ప్రేమించుటయే. బేత్లెహేములో పుట్టిన ప్రభువు ప్రాణములను రక్షింపవచ్చెను గాని నశింపజేయుటకు రాలేదు. ఆయన పేరట మనము వెలిగించు దీపము ఏ తల్లికిని కన్నీరు తేకుండును గాక.