కలివికోడిని వెతికిన దొరలు



మన కోలారు, చిత్తూరు, అనంతపురం మెట్టల్లో కలివి పొద తెలియనివారుండరు. ఆ కాయలు కోయబోయి చేతులు గీరుకున్నవాళ్ళమే మనమంతా. అలాంటి ముళ్ళపొదల మధ్య తిరిగే ఒక పిట్టను కడప పల్లెల్లో కలివికోడి అంటారు. ఆ పిట్ట కోసం తెల్లదొరలు పడిన పాట్లు ఈ పూట చెప్పుకుందాం.

కంపెనీ కొలువులో వైద్యుడైన జెర్డన్‌కు ఈ పిట్ట మొదట దొరికింది. 1848లో కలకత్తాలోని బ్లైత్ దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. రొమ్ము మీద రెండు తెల్లని పట్టీలు దాని గుర్తు. తర్వాత భూగర్భ శాస్త్రజ్ఞుడు బ్లాన్‌ఫర్డ్ 1867లోనూ, 1871లోనూ గోదావరి ప్రాంతంలో చూశాడు. 1900లో అనంతపురం దగ్గర కాంప్‌బెల్ చూశాడు. అంతే, ఆ తర్వాత జాడ లేదు. 1929లో మొదలైన వెర్నే సర్వే బృందం తూర్పు కనుమలంతా తిరిగి పక్షులను సేకరించింది. వారికీ ఇది చిక్కలేదు. పిట్ట అంతరించిందనే చాలామంది నమ్మారు.

ఎందుకు చిక్కలేదు? ఇది రాత్రిపూట తిరిగే పిట్ట. పగలు పొదల నీడలో కదలకుండా ఉంటుంది. ఆ సంగతి దొరలకు తెలియదు. పొదల్లో రాత్రుళ్ళు తిరిగే మన వేటగాళ్ళకు తెలుసు. కానీ వాళ్ళను అడిగిందెవరు?

ఆ పని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ చేశాడు. పిట్ట బొమ్మ పట్టుకుని ఊరూరా అడిగాడు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట ఒక పిట్టను పట్టి తెచ్చాడు. పాపం, ఆ పిట్ట బతకలేదు. కానీ 86 ఏళ్ళ వెతుకులాట ఫలించింది. ఆ అడవి తర్వాత లంకమల్లేశ్వర అభయారణ్యమైంది.

మనకు ఇంకా దగ్గరి కథ ఒకటుంది. 2013లో స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తే కలివికోడిదని తేలింది. దాన్ని సేకరించింది కోలారు బంగారు గనుల్లో పశువైద్యుడుగా ఉన్న మీటన్. సంవత్సరం 1917. అంటే లోకం పిట్ట జాడ పోయిందనుకుంటున్న రోజుల్లోనే, అది మన కోలారు పక్క గుడ్డు పెట్టింది! దాదాపు నూరేళ్ళు ఆ గుడ్డు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది.

కడపవారు పెట్టుకున్న పేరు పుస్తకాలకెక్కింది. మీ ఇళ్ళలో తొంభై దాటిన పెద్దలుంటే, రెండు పట్టీల ఆ రాత్రిపిట్టను మన వైపు ఏమనేవారో ఒకసారి అడిగి చూడండి.