ఉమ్మడి లేటెక్ పత్రాల మార్కప్ నియమాలు

ఉమ్మడి లేటెక్ పత్రాల మార్కప్ నియమాలు అనగా ఒకే లేటెక్ పత్రాన్ని పలువురు కలిసి వ్రాయునప్పుడు, మూలపాఠంలో శీర్షికలు, సూత్రాలు, పట్టికలు, ఉల్లేఖనలు, కొలతలు మొదలగువాటిని ఏ విధంగా గుర్తించవలెనో తెలుపు ఏర్పాట్లు. ఒక్కరే వ్రాసుకొను పత్రానికి ఇట్టి నియమాలు అంతగా అవసరం లేదు. వ్రాసేవారు ఇద్దరైనప్పుడే వీటి అవసరం మొదలవుతుంది, పదిమంది అయినప్పుడు ఇవి లేకుండా పని సాగదు.

గమనిక: లేటెక్ ఆదేశాలు రోమన్ లిపిలో ఉంటాయి. ఈ వ్యాసంలో వాటి పేర్లు ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి.

నేపథ్యం

అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ తన గ్రంథాల అచ్చు నాణ్యత పట్ల అసంతృప్తి చెంది, టెక్ అను అక్షరకూర్పు వ్యవస్థను 1970లలో రూపొందించాడు. దానిపై లెస్లీ లాంపోర్ట్ 1980లలో లేటెక్‌ను నిర్మించాడు. ప్రస్తుతం వాడుకలో ఉన్న లేటెక్ 2ఈ 1994లో వెలువడినది. ఇందులో రచయిత సాధారణ పాఠాన్ని టైపు చేసి, నడుమ ఆదేశాలను చేర్చుతాడు. ఇది శీర్షిక, ఇది నిర్వచనం, ఇది పాదసూచిక అని చెప్పుటయే రచయిత పని. అక్షర పరిమాణం, ఖాళీలు, పుటల విభజన వ్యవస్థ చూసుకుంటుంది.

మూలపాఠం కేవలం అక్షరాలు గల దస్త్రం కావడం వలన, ఎవరు ఏ పంక్తిని ఎప్పుడు మార్చారో గుర్తించుట సులభం. తొలి రోజులలో సీవీఎస్, సబ్‌వెర్షన్, 2005 తరువాత గిట్ వంటి సాధనాలు ఇందుకు ఉపయోగపడినవి. బ్రౌజరులోనే కలిసి వ్రాయుటకు వీలు కల్పించే ఓవర్‌లీఫ్, షేర్‌లేటెక్ అను సేవలు 2017లో ఒకటయ్యాయి. భారతదేశంలో 1998లో తిరువనంతపురం కేంద్రంగా ఏర్పడిన భారతీయ టెక్ వినియోగదారుల సంఘం 2003లో వెలువరించిన లేటెక్ పాఠాల పుస్తకం కూడా ఉమ్మడి కృషి ఫలితమే.

స్టాక్స్ ప్రాజెక్టు

ఇట్టి నియమాలకు ప్రసిద్ధమైన ఉదాహరణ స్టాక్స్ ప్రాజెక్టు. బీజీయ జ్యామితిపై ఈ గ్రంథాన్ని కొలంబియా విశ్వవిద్యాలయ గణితజ్ఞుడు యోహాన్ డి యాంగ్ 2005లో ప్రారంభించాడు. ఇప్పుడది 7,000 పుటలకు మించినది. ఎవరైనా దిద్దుబాట్లు పంపవచ్చును. అయితే నియమాలు కఠినం: ప్రతి పంక్తి 80 అక్షరాలకు మించరాదు, ప్రతి సిద్ధాంతానికి లేబెల్ ఉండవలెను, ఆ లేబెల్ పేరులోనే అది సిద్ధాంతమో, ఉపసిద్ధాంతమో, నిర్వచనమో తెలియవలెను, సొంత ఆదేశాలను ఇష్టానుసారం సృష్టించరాదు.

ఇందులోని విశేషం ట్యాగుల పద్ధతి. ప్రతి సిద్ధాంతానికి నాలుగు అక్షరాల స్థిరమైన గుర్తు ఇవ్వబడుతుంది. నడుమ కొత్త అధ్యాయం చేరినచో 12వ సిద్ధాంతం 15వది కావచ్చును, కాని దాని ట్యాగు ఎన్నటికీ మారదు. ఇతరులు తమ పరిశోధనా పత్రాలలో ఆ ట్యాగును ఉదహరించగలరు.

మరొక ఉదాహరణ 2013లో వెలువడిన హోమోటోపీ టైప్ థియరీ పుస్తకం. ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థలో సమావేశమైన రెండు డజన్ల గణితజ్ఞులు దాదాపు 600 పుటల ఈ గ్రంథాన్ని ఆరు నెలలలోపే గిట్ సాయంతో పూర్తి చేశారు.

రూపం కాదు, అర్థం

నియమావళులన్నింటిలోను మొదటి సూత్రం ఇదే: అక్షరం ఎలా కనిపించవలెనో కాక, అది ఏమిటో గుర్తించవలెను. ఒక పదాన్ని వాలు అక్షరాలలో పెట్టుటకు కారణాలు పలు విధాలు. అది గ్రంథనామం కావచ్చు, కీటకపు శాస్త్రీయ నామం కావచ్చు, లేదా నొక్కి చెప్పుట కావచ్చు. మూడింటికీ ఒకే ఆదేశం వాడినచో, తరువాత శాస్త్రీయ నామాలకు మాత్రమే సూచిక తయారు చేయదలచినప్పుడు మొత్తం పత్రాన్ని మరల చదువుట తప్ప మార్గం ఉండదు. న్యూకమాండ్ ద్వారా మూడు వేర్వేరు ఆదేశాలను నిర్వచించి, ప్రస్తుతానికి మూడూ వాలు అక్షరాలనే ఇచ్చునట్లు ఏర్పరచుట సరియైన పద్ధతి.

కొత్త ఆదేశాలన్నీ ఒకే దస్త్రంలో ఉండవలెను. ప్రతి సభ్యుడు తన అధ్యాయంలో తనకు తోచిన సంక్షిప్త ఆదేశాలు చేర్చుకొనుట ఉమ్మడి పత్రాలలో అతి సాధారణమైన దోషం. అధ్యాయాలు విడివిడిగా బాగానే కూర్పు అవుతాయి, కలిపిన రోజున ఒకే పేరు రెండు అర్థాలతో తారసపడుతుంది.

కొలతలు, జిల్లాల పేర్లు

గుంటూరు, ప్రకాశం మైదానాల పత్తి, మిరప సాగుపై ఒక వ్యవసాయ శాస్త్రవేత్త, ఒక గణాంక నిపుణుడు, ఒక ఉపాధ్యాయుడు కలిసి పుస్తకం వ్రాస్తున్నారని అనుకొందాము. శాస్త్రవేత్త దిగుబడిని హెక్టారుకు చెప్తాడు, రైతు మాటను నమోదు చేసే ఉపాధ్యాయుడు ఎకరానికి వ్రాస్తాడు. ఎకరం 0.4047 హెక్టారు. ఎకరానికి 20 క్వింటాళ్ళ ఎండుమిరప అన్నచో హెక్టారుకు సుమారు 49 క్వింటాళ్ళు. దిగుబడి అంకెలో పొరపాటు జరిగితే చదువరి అనుమానించి ఊరుకుంటాడు. పురుగుమందు మోతాదులో ఇదే పొరపాటు జరిగితే పైరు మీద రెండున్నర రెట్లు మందు పడుతుంది, లేదా కావలసిన మోతాదులో ఐదింట రెండు వంతులే పడుతుంది. అందుచేత ప్రమాణాన్ని చేతితో టైపు చేయరాదని, అంకెను, ప్రమాణాన్ని కలిపి ఒక ఆదేశానికి అప్పగించవలెనని నియమం. ఎస్‌ఐయూనిట్ఎక్స్ అను ప్యాకేజీ ఇందుకు ఉపకరిస్తుంది. ఎకరం వంటి స్థానిక ప్రమాణాలను దానిలో కొత్తగా నిర్వచించుకొనవచ్చును.

వ్యాపారపు కొలతల సంగతి మరింత చిక్కు. దూది బేలు 170 కిలోలు, క్యాండీ సుమారు 356 కిలోలు. గుంటూరు మిరప యార్డులో లెక్క టిక్కీలలో నడుస్తుంది, దాని బరువు అన్నివేళలా ఒకటి కాదు. ఇట్టి పదాన్ని కిలోలలోకి మార్చి వ్రాయుట కంటె, ఉన్నది ఉన్నట్లు ఉంచి, పదకోశంలోని వివరణకు లంకె వేయుట మేలు.

రకాల పేర్లకు కూడా ఈ జాగ్రత్త అవసరం. గుంటూరు సమీపాన లాం పరిశోధనా కేంద్రం విడుదల చేసిన మిరప రకాన్ని ఒకరు ఎల్‌సీఏ-334 అని, మరొకరు ఎల్.సి.ఏ. 334 అని, ఇంకొకరు వాడుకలో ఉన్నట్లు లాం 334 అని వ్రాస్తారు. చదువరికి మూడూ ఒకటే. సూచిక తయారు చేసే యంత్రానికి మాత్రం మూడు రకాలు.

జిల్లా పేరు చూచుటకు నిరపాయంగా కనిపిస్తుంది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు ఒంగోలు ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ కొత్త జిల్లాకు 1972లో ప్రకాశం అని పేరు మార్చబడినది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి పల్నాడు జిల్లా వేరుపడినది, బాపట్ల జిల్లాలో అటు గుంటూరు, ఇటు ప్రకాశం జిల్లాల ప్రాంతాలు చేరినవి. కావున 1965, 1990, 2023 నాటి పట్టికలలో "గుంటూరు జిల్లా" అన్నప్పుడు మూడు వేర్వేరు భూభాగాలు. వాటిని పక్కపక్కన ఉంచి పత్తి విస్తీర్ణం తగ్గినదని తీర్మానించుట తప్పు. జిల్లా పేరుతో పాటు సంవత్సరాన్ని కూడా తప్పనిసరిగా అడిగే ఆదేశాన్ని నిర్వచించినచో, సంవత్సరం ఇవ్వకుండా జిల్లాను పేర్కొనుట సాధ్యం కాదు. ఒక చిన్న ఆదేశం ఇక్కడ సంపాదకుని పని చేస్తుంది.

శాతం గుర్తు

లేటెక్‌లో % గుర్తు తరువాత పంక్తి చివరి వరకు ఉన్నదంతా వ్యాఖ్యగా పరిగణించబడి అచ్చులో కనిపించదు. "5% వేపగింజల కషాయం పిచికారీ చేయవలెను" అని ఒక పంక్తి, దాని క్రింద "10 రోజుల తర్వాత మరల చేయవలెను" అని మరొక పంక్తి వ్రాసినచో, అచ్చులో "510 రోజుల తర్వాత మరల చేయవలెను" అని వస్తుంది. కషాయం పేరే మాయమవుతుంది. వ్యవస్థ ఎటువంటి దోషాన్నీ సూచించదు. ఏ లోపమూ లేనట్లు పీడీఎఫ్ తయారవుతుంది. గుర్తుకు ముందు వెనుకగీత (\) చేర్చవలెను, లేదా "శాతం" అని అక్షరాలలో వ్రాయవలెను. తెలుగు పత్రాలకు రెండవదే క్షేమం. &, #, _, $ గుర్తులకు కూడా ప్రత్యేకార్థాలు ఉన్నవి, కాని అవి సాధారణంగా దోష సందేశం ఇచ్చి పని ఆపుతాయి కనుక అంత ప్రమాదకరం కావు.

వాక్యానికి ఒక పంక్తి

మార్పులను పోల్చే సాధనాలు పంక్తిని ఆధారంగా చేసుకొని పనిచేస్తాయి. పేరా మొత్తం ఒకే పంక్తిగా ఉన్నచో, ఒక అక్షరం దిద్దినా పేరా అంతా మారినట్లు చూపబడుతుంది. ఇద్దరు ఒకే పేరాలో వేర్వేరు చోట్ల దిద్దినచో ఘర్షణ ఏర్పడుతుంది. ప్రతి వాక్యాన్ని కొత్త పంక్తిలో మొదలుపెట్టవలెనన్న నియమం ఇందుకే వచ్చినది. యూనిక్స్ రూపకర్తల బృందంలోని బ్రయాన్ కెర్నిగన్ 1970లలోనే ఈ సలహా ఇచ్చాడు. ఇతరుల పేరాను అందం కొరకు తిరిగి సర్దుట నిషిద్ధం.

తెలుగు లిపి సమస్యలు

1990ల ఆరంభంలో ముక్కవిల్లి లక్ష్మి, ముక్కవిల్లి లక్ష్మణకుమార్ తెలుగుటెక్ అను ఖతిని, దానికి తగిన సాధనాన్ని రూపొందించారు. తెలుగును రోమన్ అక్షరాలలో టైపు చేస్తే తెలుగు లిపిలో అచ్చయ్యేది. జోనాథన్ క్యూ 2004లో విడుదల చేసిన జీటెక్ తరువాత యూనికోడ్ తెలుగును నేరుగా టైపు చేయుట సాధ్యమైనది. దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులను ఫాంట్‌స్పెక్ ప్యాకేజీ ద్వారా వాడవచ్చును.

అయినను కొన్ని చిక్కులు మిగిలి ఉన్నవి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా గాని, ఎత్వం, దాని క్రింది గుర్తు అను రెండు సంకేతాలుగా గాని వ్రాయవచ్చును. తెరపై రెండూ ఒకేలా ఉంటాయి. లేబెల్ పేరులో ఈ తేడా వచ్చినచో లంకె తెగిపోయి, అచ్చులో రెండు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. "సాఫ్ట్‌వేర్" వంటి పదాలలో పొల్లు తరువాత ఉంచే కంటికి కనబడని విభజన గుర్తు సంగతి కూడా ఇంతే. అందుచేత లేబెళ్ళు రోమన్ అక్షరాలలోనే ఉండవలెనని, పాఠాన్ని చేర్చుటకు ముందు ఒకే యూనికోడ్ రూపంలోకి మార్చవలెనని నియమం పెట్టుకొనుట మంచిది. భాషాభిమానులకు మొదటిది రుచించకపోవచ్చు, కాని లేబెల్ అచ్చులో కనిపించదు.

పాత ఖతులలోని పాఠం

ఆంధ్రదేశంలోని డీటీపీ కేంద్రాలలో చాలాకాలం అను స్క్రిప్ట్ వంటి యూనికోడేతర ఖతులు రాజ్యమేలినవి. స్థానిక చరిత్రలు, వ్యవసాయ కరదీపికలు, కళాశాల సంచికలు అనేకం వాటిలోనే ఉన్నవి. ఆ దస్త్రాలలో ఉన్నది నిజానికి తెలుగు కాదు, తెలుగు బొమ్మలకు కేటాయించిన రోమన్ సంకేతాలు. ఖతి లేని కంప్యూటరులో అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. మార్పిడి సాధనాలు ఉన్నవి గాని, వత్తులు, గుణింతాలు తారుమారయ్యే అవకాశం ఉన్నది. ఇట్లు మార్చిన పాఠాన్ని ఉమ్మడి పత్రంలో చేర్చునప్పుడు, అచ్చు ప్రతితో సరిచూడని భాగాన్ని ప్రత్యేక ఆదేశంతో గుర్తించి, ఆ భాగం ప్రక్కన అంచులో గీత వచ్చునట్లు చేయవలెను. సరిచూచిన వ్యక్తి తప్ప ఇతరులు ఆ గుర్తును తొలగించరాదు. అంకెలు గల పట్టికలకు ఈ నియమం మరింత గట్టిగా వర్తిస్తుంది: అక్షరం తప్పినచో చదువరి గ్రహించగలడు, అంకె తప్పినచో గ్రహించలేడు.

అమలు

నియమావళి నిడివి పెరిగే కొద్దీ దానిని చదివేవారి సంఖ్య తగ్గుతుంది. కొత్తవారు అక్షరదోషాలు దిద్దుటతో మొదలుపెడతారు, వారిపై పాతిక నియమాలు రుద్దినచో మరల రారు. అందుచేత కొన్ని బృందాలు కొత్తవారి నుండి సాదా పాఠాన్నే స్వీకరించి, మార్కప్ చేయు బాధ్యతను అనుభవజ్ఞులకు అప్పగిస్తాయి. పంక్తి పొడవు, లేబెల్ లేకపోవుట, వెనుకగీత లేని % గుర్తు వంటివాటిని చిన్న ప్రోగ్రాములు పట్టుకోగలవు. ఒక పదం గ్రంథనామమో, నొక్కి చెప్పిన మాటో తేల్చుట మాత్రం చదివే మనిషి పనియే.