ఎర్రగుంట్ల, ముద్దనూరు: మన తాలూకాల రైలు దారి కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, పెన్షను రూల్సు గురించి వ్రాసే పెద్దలు చాలామంది ఉన్నారు గనుక, నేను మన ప్రాంతపు రైలు దారి గురించి వ్రాస్తానని చెప్పాను. మన సభ్యుల్లో రైల్వేలో పనిచేసినవారు కొద్దిమందే. అయినా బదిలీ మీద పోయినా, పిల్లలను పరీక్షకు తీసుకుపోయినా, వేలూరు ఆసుపత్రికి పోయినా మనమందరం ఎక్కింది ఆ రైలే. మా తొండూరు వాళ్లకు రైలంటే ముద్దనూరు, ప్రొద్దుటూరు వాళ్లకు ఎర్రగుంట్ల. రైలు మన ఊళ్లకు రాలేదు, మనమే రైలు దగ్గరికి పోయేవాళ్లం. అలా ఎందుకు జరిగిందో తెలుసుకుంటే మన ప్రాంత చరిత్ర చాలావరకు తెలిసినట్లే.

దక్షిణదేశంలో మొదటి ప్రయాణీకుల రైలును మద్రాసు రైల్వే కంపెనీ 1856 జూలై 1న రాయపురం నుండి వాలాజా రోడ్డు వరకు నడిపింది. తరువాత అరక్కోణం నుండి వాయవ్య దిక్కుగా ఇంకొక లైను మొదలుపెట్టారు. అది రేణిగుంట, నందలూరు, కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరింది. బొంబాయి వైపు నుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1871లో రాయచూరు వద్ద దానితో కలిసింది. ఆ విధంగా మద్రాసు, బొంబాయి రేవులు రెండూ ఒకే ఇనుప దారి మీదికి వచ్చాయి.

ఆ లైను వేసినవారి లక్ష్యం ఆ రెండు రేవులను కలపడం. మధ్యలో ఉన్న మన ఊళ్లు వారికి దారిలో తగిలినవే గాని, గమ్యాలు కావు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రెండూ పెన్నకు ఉత్తరపు ఒడ్డున ఉన్నాయి. మన ప్రాంతంలో లైను నదికి దక్షిణంగానే సాగిపోయింది. పెద్ద నది మీద వంతెనంటే పెద్ద ఖర్చు, పెద్ద ప్రమాదం. ప్రత్తికీ, బంగారానికీ పేరుపొందిన ప్రొద్దుటూరు అంత పెద్ద వ్యాపార కేంద్రమైనా, పెన్న దాటి ఎర్రగుంట్లకు పోయి రైలెక్కవలసి వచ్చింది. పులివెందుల తాలూకా లైనుకు దక్షిణాన ఉండిపోయింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆనాటి కంపెనీల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ వచ్చేటట్లు సర్కారు హామీ ఇచ్చింది. లైను మీద రాబడి తక్కువైతే ఆ లోటు ఖజానా నుండి పూడ్చేవారు. ఖజానా అంటే మన రైతులు కట్టిన శిస్తే. రైలు చూడని పల్లెలవాళ్లు కూడా దాని వడ్డీ కట్టారన్నమాట.

1876-78 నాటి గొప్ప కరువు దత్తమండలాలను పీల్చి పిప్పి చేసింది. ఆ కరువులో రైలు ఉపయోగమూ, దాని హద్దూ రెండూ బయటపడ్డాయి. మద్రాసు రేవులో దిగిన ధాన్యం ఈ లైను మీదనే పైకి వచ్చింది. కాని స్టేషను దాకా వచ్చిన బస్తాలను పల్లెలకు చేర్చడానికి ఎద్దులు కావాలి. మేతలేక, నీళ్లులేక ఎద్దులు అప్పటికే చచ్చిపోయాయి. స్టేషనులో గింజలుండి, పది క్రోసుల దూరంలో జనం పస్తులుండే పరిస్థితి వచ్చింది. ఆ తరువాత 1880 కరువు కమిషను, కరువు ప్రాంతాలకు రక్షణగా క్రొత్త లైన్లు వేయాలని సూచించింది. గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా బెజవాడకు, ధర్మవరం నుండి కదిరి, మదనపల్లె రోడ్డు మీదుగా పాకాలకు పోయే మీటరు గేజి లైన్లు ఆ కాలంలో వచ్చినవే.

ఇప్పుడు పటం తీసి చూడండి. ఉత్తరాన నంద్యాల లైను, మధ్యన ముద్దనూరు లైను, దక్షిణాన కదిరి లైను. మధ్య లైను పట్టాల వెడల్పు ఐదున్నర అడుగులు, తక్కిన రెండింటిదీ ఒక మీటరు మాత్రమే. ఒక లైను బండి ఇంకొకదాని మీద నడవదు. సరుకంతా కూలీలు ఒక పెట్టెలో నుండి దించి, మరొక పెట్టెలోకి ఎక్కించవలసిందే. నంద్యాల లైను 1990లలోను, ధర్మవరం-పాకాల లైను 2010లోను బ్రాడుగేజి అయిన తరువాతనే ఈ బాధ తీరింది.

ప్రాణనష్టాన్నీ మరువరాదు. 1902 సెప్టెంబరులో ముద్దనూరుకూ కొండాపురానికీ మధ్య మంగపట్నం దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి, రాత్రి మెయిలు బండి వాగులో పడింది. ఎందరో చనిపోయారు. వేసవిలో ఇసుక తప్ప చుక్క నీరు కనబడని మన వాగులను చూసి వంతెన కట్టేవారు మోసపోకూడదు. ఏడాదంతా ఎండిన వాగే ఒక్క రాత్రిలో నదిగా మారుతుంది.

ఇక యాజమాన్యం సంగతి. మద్రాసు రైల్వేను సర్కారు కొని, 1908లో సదరన్ మరాఠా కంపెనీతో కలిపి నడిపించింది. దానినే మన పెద్దలు ఎం అండ్ ఎస్ఎం అనేవారు. 1944లో సర్కారే స్వయంగా నిర్వహణ చేపట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడింది. 1956లో గుంతకల్లు డివిజను వచ్చింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినా, గుంతకల్లు డివిజను 1977 అక్టోబరు 2న గాని అందులో చేరలేదు. అందాకా ముద్దనూరు స్టేషనుకు పై కచేరీ మద్రాసులోనే. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను 2019 ఫిబ్రవరి 27న ప్రకటించి, గుంతకల్లును అందులో చేర్చారు. 2025 జనవరి 8న దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది.

మన భాషలో చెప్పాలంటే జోను జిల్లా కలెక్టరేటు వంటిది, డివిజను రెవెన్యూ డివిజను వంటిది, స్టేషను గ్రామ చావడి వంటిది. పైన జనరల్ మేనేజరు, డివిజనుకు డివిజనల్ మేనేజరు, క్రింద స్టేషను మాస్టరు, పాయింట్సుమన్, గ్యాంగుమన్. ఎండలో పట్టాలు చూసుకుంటూ నడిచే గ్యాంగుమన్ మీదనే ఈ మేడ అంతా నిలబడి ఉంది. మన జిల్లాలో రైల్వే ఊరు అంటే నందలూరే. అక్కడి లోకో షెడ్డు చుట్టూ ఒక కాలనీయే బ్రతికింది. బొగ్గింజన్లు పోయి డీజిలు రావడంతో ఆ షెడ్డు మూతబడింది, ఊరి కళ తగ్గింది.

రైలు మనకిచ్చినదీ తక్కువ కాదు. కడప రాళ్లు, మంగంపేట ముగ్గురాయి, ఎర్రగుంట్ల పరిసరాల సిమెంటు దేశమంతా పోవడానికి ఈ లైనే ఆధారం. 1994లో మొదటి యూనిట్ మొదలైన రాయలసీమ థర్మల్ కేంద్రానికి బొగ్గు వచ్చేదీ దీని మీదనే. ఓబులవారిపల్లె నుండి కృష్ణపట్నం వైపు లైను వెలుగొండలలో ఆరు కిలోమీటర్లకు పైబడిన సొరంగంతో 2019లో పూర్తయింది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు చివరికి నంద్యాల-ఎర్రగుంట్ల లైను వచ్చింది. 1996-97లో మంజూరై, 2016 ఆగస్టులో పూర్తి లైను ప్రారంభమయింది. అంటే మంజూరుకు రైలుకు మధ్య సుమారు ఇరవై ఏండ్లు. రెవెన్యూ గుమాస్తాగా నా ఉద్యోగపు చివరి సంవత్సరాలలో భూసేకరణ ఫైళ్లు కొన్నాళ్లు చూశాను. అప్పటి 1894 చట్టం ప్రకారం 4(1) నోటిఫికేషను, 6 డిక్లరేషను, 11 అవార్డు. మార్కెట్టు విలువ మీద 30 శాతం సొలేషియం. లెక్కకు లోటు లేదు.

ఒకనాడు ఒక వృద్ధ రైతు నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయనకు డబ్బు తగాదా లేదు. "సారూ, కట్ట నా చేను నడిమధ్యన పోతాది. బాయి ఈ పక్క, చేను ఆ పక్క. ఎద్దులు యాడ దాటాల?" అని అడిగాడు. అవార్డు ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు. ఆయన చెప్పినదంతా వాఙ్మూలంగా వ్రాసి, వేలిముద్ర వేయించుకుని, నోటుతో పైకి పంపాను. పరిహారం తూచే కాగితానికీ, ఆ మనిషి పోగొట్టుకునే దానికీ ఉన్న తేడా అంతవరకు నాకంత సూటిగా ఎవరూ చెప్పలేదు. కరువు నాటి స్టేషను ధాన్యానిదీ ఇదే పాఠం. రైలు దారికి విలువ వచ్చేది పట్టాల వలన మాత్రమే కాదు, పట్టాల నుండి ఇంటి దాకా ఉన్న దారి వలన.

ఇక మిగిలింది పులివెందుల, తొండూరు. కడప-బెంగుళూరు లైను 2008-09లో మంజూరైంది. అందులో కడప నుండి పెండ్లిమర్రి వరకు మొదటి ముక్క వేశారు. ఆ తరువాత ముద్దనూరు నుండి పులివెందుల మీదుగా ముదిగుబ్బకు కలపాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. అది జరిగితే ముద్దనూరు రోడ్డు మీద ఉన్న మా తొండూరు ప్రాంతానికి రైలు కూత వినిపిస్తుంది. మా తరం వింటుందో లేదో గాని, మనవల కాలానికైనా వస్తే చాలు.

వృద్ధులకు రైలు చార్జీలో మగవారికి 40, ఆడవారికి 50 శాతం ఉండిన రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. దాని పునరుద్ధరణ మన సంఘాల వినతిపత్రాలలో ఉండవలసిన అంశమే. దానితో పాటు ఇంకొక మాట చేర్చమని మనవి. ఎప్పుడు ఏ క్రొత్త లైనుకు సర్వే జరిగినా, ఎకరాకు ఎంత అని అడిగే ముందు, ఎద్దులు ఎక్కడ దాటుతాయి, వాన నీరు ఎక్కడ పోతుంది, స్టేషనుకు బస్సు ఎప్పుడు వస్తుంది అనే మూడు ప్రశ్నలు గ్రామసభలో వ్రాయించండి. ఫైళ్లు చదవడం, వినతిపత్రం వ్రాయడం మనకు చేతనైన పని. రిటైరైనా ఆ చదువు మనలను విడిచిపోలేదు. మన ఊరి రైతు ప్రక్కన కూర్చుని ఆ కాగితం వ్రాసిపెడితే, అది ఈ వయసులో మనం చేయగలిగిన మంచి సేవ.