డాఫ్నియా చెప్పని నిజం

మంచినీటి చిరుజీవులకు పురుగుమందులు చేసే హానిని కొలిచే శాస్త్రం ఏటికేడాది పదునెక్కిందనీ, అన్నిటికన్నా సున్నితమైన జీవి కాబట్టే డాఫ్నియా అనే చిన్న నీటి క్రస్టేషియన్ ఆ కొలతకు ఆధారమైందనీ తరచూ చదువుతుంటాం. ఇందులో రెండో మాట నిలవదు. స్వీడన్ సరస్సుల శాస్త్రజ్ఞుడు ఐనార్ నౌమాన్ 1930లలోనే డాఫ్నియాను పరీక్షలకు వాడారు. అమెరికాలో బెర్టిల్ ఆండర్సన్ 1944లో పరిశ్రమల వ్యర్థాల్లోని రసాయనాలను దాని మీదే పరీక్షించారు. 1981లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 202వ పరీక్షావిధానంతో ఆ అలవాటే నియమమైంది; దాని నేటి రూపం ప్రకారం పుట్టి ఒక్క రోజైనా నిండని పిల్లలను మందు కలిపిన నీటిలో 48 గంటలు ఉంచి, కదలలేనివాటిని లెక్కించాలి. డాఫ్నియా మగతోడు లేకుండానే పిల్లలను పెడుతుంది, చిన్న గాజుపాత్రలో పెరుగుతుంది, ఏ ప్రయోగశాలలోనైనా దాదాపు ఒకే తీరుగా స్పందిస్తుంది. దానికి పెద్దపీట వేయించింది ప్రధానంగా ఈ సౌలభ్యమే.

ఆ సౌలభ్యానికి చెల్లించిన మూల్యం ఇమిడాక్లోప్రిడ్ అనే కీటకనాశనితో బయటపడింది. 1990ల మొదట్లో మార్కెట్లోకి వచ్చిన ఈ మందు 48 గంటల్లో సగం డాఫ్నియాలను కదలకుండా చేయడానికి, తరచూ ఉదహరించే ఒక పరీక్షలో, లీటరుకు సుమారు 85 మిల్లీగ్రాములు కావలసివచ్చింది. మేఫ్లై అనే నీటి కీటకపు లార్వాలకైతే కొద్ది మైక్రోగ్రాములే చాలు. తేడా వేల రెట్లు. నెదర్లాండ్స్‌లో రోసింక్ బృందం 2013లో ప్రచురించిన పరీక్షల్లో, 28 రోజులు ఉంచితే లీటరుకు 0.03 మైక్రోగ్రాముల దరిదాపుల్లోనే మేఫ్లైలలో పదో వంతు కదలలేని స్థితికి చేరాయి. కాబట్టి పొరపాటు జీవి ఎంపికకే పరిమితం కాదు, పరీక్ష గడువులోనూ ఉంది. ఇమిడాక్లోప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్లు కీటకాల నాడీగ్రాహకాలను గట్టిగా పట్టుకుంటాయి. మోతాదు స్వల్పమైనా హాని రోజుల తరబడి పేరుకుంటుంది. అదే వర్గానికి చెందిన తియాక్లోప్రిడ్ మీద బెకెటోవ్, లీస్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఒక్కరోజు మందు తగిలి మంచినీటిలోకి మార్చిన జీవులు కూడా ఆ తర్వాతి రోజుల్లో చనిపోయాయి. వాగుల్లోంచి పట్టితెచ్చిన మేఫ్లైల వయసూ ఆరోగ్యమూ ఒకేలా ఉండవు, ఆ ఫలితాలను ఎలా నమ్మాలన్న అభ్యంతరం ఉంది. అది సబబే. అయితే అలాంటి హెచ్చుతగ్గులు ఇంత పెద్ద అంతరాన్ని వివరించలేవు.

ఐరోపా ఇప్పుడు కీటకనాశనులకు డాఫ్నియాతోపాటు కైరోనోమస్ అనే నీటి కీటకం వంటి రెండో జీవి మీద పరీక్షనూ అడుగుతోంది. మేలైన మార్పే, చాలదు. 2018లో ఇమిడాక్లోప్రిడ్‌ను ఆరుబయట వాడకుండా ఐరోపా నిషేధించింది కూడా ప్రధానంగా తేనెటీగల కోసం. మరో దారి మన దగ్గరే ఉంది: తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980లలోనే మన వరిపొలాల పీత మీద సుమితియాన్ అనే పురుగుమందు ప్రభావాన్ని పరిశీలించారు. మందు చల్లే నీటిలో బతికే జీవినే ప్రశ్నించిన ఆ పద్ధతి సరైనది. మన దగ్గర వరికీ పత్తికీ ఇమిడాక్లోప్రిడ్ నేటికీ చల్లుతున్నారు. దానికి అనుమతి నిలవాలంటే మన కాలువల్లోని కీటకాల మీద కనీసం నెల రోజుల పరీక్ష తప్పనిసరి చేయాలి.