పక్షుల్ని ముందు కాపాడింది ఊళ్లే

ఈ ఏడాది సంఘం మీటింగుల్లో పొదుపు లెక్కలు అయ్యాక ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చింది. "చలికాలంలో నేలపట్టుకు వచ్చేవాళ్లను వెంట తిప్పి పక్షుల్ని చూపించడం, గట్టు మీద ప్లాస్టిక్ ఏరడం మనమెందుకు చెయ్యాలక్కా? కాపాడేది ఫారెస్టోళ్లు కదా?" దీనికి జవాబు పాత సంగతుల్లోనే ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టును 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. గూడబాతులు మాత్రం అంతకు ముందు నుంచే ఇక్కడికి వస్తున్నాయి. చెరువు నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద అవి గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లుంటే నక్కలు, పిల్లులు గూటి దాకా రాలేవు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు పారితే ఎరువు వేసినట్టే. ఈ లెక్క ఊరికి తెలుసు. అందుకే పక్షిని పంటకు తోడుగా చూసుకుంది.

ఇలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి గూడబాతులు, రంగురంగుల కొంగలు వస్తాయి. చిలమత్తూరు మండలం వీరాపురంలో కొంగలు చింతచెట్ల మీద పిల్లల్ని చేస్తాయి. అక్కడివాళ్లు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. పురుడు పోయడమంటే ఎంత చాకిరో మనకు చెప్పక్కర్లేదు. చెట్టు కింద రెట్ట, ఎండకు వాసన, వాకిట్లో పడిన చేప ముక్కలు. ఊడ్చిందెవరో ఏ రికార్డులోనూ రాయలేదు. మనకు మాత్రం తెలుసు.

ఊరు ఒక్కటే ఉన్నా అన్నిసార్లూ చాలదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో వేల గూడబాతులు గూళ్లు కట్టేవి. 1946లో కె.కె. నీలకంఠన్ ఆ సంగతి గుర్తించి లోకానికి తెలియజేశారు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి అక్కడ గూళ్లు లేవు. పక్షి ఒక ఊరిని వదిలేస్తే బతిమాలి తెచ్చుకోలేం.

అందుకే నడకలో మేము ముందు చెప్పే మాట, "గట్టిగా మాట్లాడొద్దు, గూళ్ల దగ్గరికి పోవద్దు" అని. తల్లి బెదిరి లేస్తే గుడ్లు, పిల్లలు ఎండకూ కాకులకూ దొరికిపోతాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇది ఎవరో ఒకరు చెబుతూనే ఉండాలి. ఊరి మనిషి చెబితే వినేవాళ్లు ఎక్కువ.

అయితే అడిగిన అక్కల మాటలోనూ న్యాయముంది. కూలి మానుకుని వచ్చిన రోజుకు విలువ లేదా? కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులో గూళ్లున్న చెట్ల యజమానులకు అటవీశాఖ కొంత సొమ్ము ఇచ్చే పద్ధతి పెట్టింది. అంటే పక్షి వల్ల పడే భారాన్ని లెక్కగట్టవచ్చు. చెట్టుకు లెక్క ఉన్నప్పుడు చాకిరికీ ఉండాలి. స్వచ్ఛందంగా చేస్తున్నామంటే ఇష్టపడి చేస్తున్నామని అర్థం, లెక్కలో లేకుండా చేస్తున్నామని కాదు.

వచ్చే సీజను నుంచి ఎవరు ఎన్ని రోజులు, ఎన్ని గంటలు నడిచారో సంఘం పుస్తకంలో పొదుపు పక్కనే రాద్దాం. ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని అధికారులతో మాట్లాడదాం. ఇన్నాళ్లూ రాయని చరిత్రను ఇకనైనా మనమే రాసుకుందాం.