కొత్త పట్టభద్రుల నియామకాల్లో డిగ్రీ పాత్ర

భారతదేశంలో చదువు ముగించి తొలి ఉద్యోగానికి వచ్చేవారి డిగ్రీకి ఇచ్చే విలువ, ఉద్యోగం ఇచ్చేదెవరన్న దాన్నిబట్టి మారుతుంది. సివిల్ సర్వీసుల పరీక్షకు, గ్రూప్‌-1లో చాలా పోస్టులకు గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం ఇచ్చిన ఏ డిగ్రీ అయినా చాలు. ఉస్మానియా బీఏకు, ఐఐటీ బీటెక్‌కు అక్కడ తేడా లేదు. వృత్తి ఉద్యోగాల్లో మాత్రం పట్టా పేరే కీలకం. ప్రాథమిక పాఠశాల టీచరు పోస్టుకు బీఈడీ చెల్లదని, డీఈడీ వంటి కోర్సే ఉండాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. బీఈడీని పెద్ద చదువుగా భావించినవారికి ఇది మింగుడుపడలేదు.

సాఫ్ట్‌వేర్ రంగంలో డిగ్రీ ప్రధానంగా జల్లెడ. క్యాంపస్ డ్రైవ్‌కు ముందు కాలేజీ నోటీసు బోర్డు మీద తరచూ కనిపించే షరతులివి: పది, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం, బ్యాక్‌లాగ్‌లు ఉండరాదు, చదువు మధ్యలో గ్యాప్ వస్తే కారణం చూపాలి. ఇలాంటి చోట పదో తరగతిలో 58 శాతం వచ్చిన విద్యార్థి బీటెక్‌లో క్లాస్ ఫస్టయినా ఆన్‌లైన్ పరీక్ష గడప తొక్కలేడు. ఇది ప్రతిభను కొలిచే పద్ధతి కాదు, దరఖాస్తుల గుట్టను తగ్గించుకునే ఉపాయం. బ్రాంచి విషయంలో మాత్రం ఇవే కంపెనీలు ఉదారంగా ఉంటాయి. సివిల్, మెకానికల్ వాళ్లను కూడా తీసుకుంటాయి. ఇన్ఫోసిస్ మైసూరు ప్రాంగణంలో లాగా కొత్తవారికి నెలల తరబడి తామే శిక్షణ ఇచ్చుకుంటాయి కనుక బ్రాంచితో పెద్దగా పనిలేదు. గేట్ స్కోరుతో ఇంజినీర్లను తీసుకునే ప్రభుత్వ రంగ సంస్థల్లో అలా కుదరదు, నోటిఫికేషన్‌లో పేర్కొన్న బ్రాంచి అయి ఉండాల్సిందే.

బీఎస్సీ, బీసీఏ వాళ్లకూ దారి ఉంది. విప్రో వారిని చేర్చుకుని, ఉద్యోగం చేస్తూనే ఎంటెక్ చదివిస్తుంది. బదులుగా కొన్నేళ్లు సంస్థలోనే ఉంటామని ఒప్పందం రాయాలి. బీటెక్ వాళ్లకంటే తక్కువ జీతానికి, మధ్యలో వదిలి వెళ్లని ఉద్యోగులు దొరకడం కంపెనీకి కలిసొచ్చే లెక్క. హెచ్‌సీఎల్ టెక్‌బీ పథకమైతే ఇంటర్ పూర్తిచేసినవారినే తీసుకుంటుంది.

దూరవిద్య డిగ్రీపై చిన్నచూపు పాతదే. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. అయినా ప్రైవేటు ఉద్యోగ ప్రకటనల్లో ‘ఫుల్‌టైమ్ డిగ్రీ మాత్రమే’ అన్న మాట పోలేదు. ఇంజినీరింగ్ సంగతి వేరు. నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన డిగ్రీలపై 2017 నవంబరులో తీర్పునిస్తూ సుప్రీంకోర్టు, 2001-05 మధ్య చేరినవారికి పరీక్ష రాసే వీలిచ్చి, తర్వాత చేరినవారి డిగ్రీలను రద్దు చేసింది.

రెండు మూడేళ్ల అనుభవం వచ్చాక ఇంటర్వ్యూలో మార్కుల ప్రస్తావన తగ్గి, చేసిన ప్రాజెక్టుల గురించి అడుగుతారు. సర్టిఫికెట్ల తనిఖీ మాత్రం తప్పదు. కంపెనీ మారిన ప్రతిసారీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్ మళ్లీ అప్‌లోడ్ చేయాల్సిందే. నకిలీవని తేలితే చేరి ఎన్నాళ్లయినా ఉద్యోగం నిలవదు.