బంతిపువ్వు నడిచిన దారి

పర్చూరు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా శవయాత్ర ఏ వీధిన వెళ్లిందో ఎవరినీ అడగక్కర్లేదు. డప్పులు ఆగిపోయి, వెళ్లినవాళ్లు తిరిగొచ్చి, తలస్నానాలు ముగిశాక కూడా ఆ ఇంటి గుమ్మం నుంచి ఊరి చివర దాకా బంతిరేకులు పడి ఉంటాయి. ట్రాక్టర్ల కింద నలిగి, కాస్త చేదుగా, కాస్త ఘాటుగా వాసన వేస్తుంటాయి.

మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో, పోయినవారి పండుగకు, ఇవే రేకులు దారిపొడవునా పరుస్తారు. అయితే ఆ దారి ఇంట్లోంచి బయటికి కాదు, బయటినుంచి ఇంట్లోకి. పోయినవాళ్లు ఏటా ఒకసారి ఇంటికి వస్తారని, బంతిపువ్వు రంగూ వాసనా పట్టుకుని తమ గుమ్మం గుర్తుపడతారని వారి నమ్మకం. వీధిలో మొదలైన రేకుల బాట లోపల అలంకరించిన బల్ల దగ్గర ఆగుతుంది. బల్లమీద ఫొటో, దీపాలు, ఉప్పు, పోయినవారికి ఇష్టమైన వంటకాలు, మన సాంబ్రాణిలాంటి కోపాల్ ధూపం ఉంటాయి. ఒక గ్లాసు మంచినీళ్లు తప్పనిసరి. అంత దూరం నడిచొచ్చినవాళ్లకు దాహం వేయదా మరి! మొదటి రోజు పసిపిల్లలుగా పోయినవారికి, రెండో రోజు పెద్దవారికి. 2017లో వచ్చిన ‘కోకో’ సినిమా చూసిన పిల్లలకు అందులోని బంతిరేకుల వంతెన గుర్తుండే ఉంటుంది. ఈ పండుగను యునెస్కో 2008లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

బంతి పుట్టిల్లు ఆ నేలే. అక్కడి పాత భాష నహువాట్ల్‌లో దాని పేరు సెంపోవల్‌షోచిట్ల్. సెంపోవల్లి అంటే ఇరవై, షోచిట్ల్ అంటే పువ్వు. ఆ భాష మాట్లాడిన అజ్టెక్కులు ఇరవైల చొప్పున లెక్కపెట్టేవారు. మనం లెక్కకు అందనిదాన్ని ‘వేయి’ అన్నట్టే వాళ్లు ‘ఇరవై’ అన్నారు. కాబట్టి అది మన మాటలో వేయిరేకుల పువ్వు.

1552లో మార్టిన్ దె లా క్రూజ్ అనే స్థానిక వైద్యుడు తమ మూలికల గురించి చెప్పగా, హువాన్ బడియానో లాటిన్‌లో రాశాడు. నీళ్లు క్షేమంగా దాటాలనుకునేవాడికి పనికొచ్చే పూలలో బంతిని కూడా ఆ గ్రంథం చెబుతుంది. ఇది చదివినప్పుడు నాకు వైతరణి గుర్తొచ్చింది. అజ్టెక్కుల నమ్మకం ప్రకారం చనిపోయినవారు మిక్త్లాన్ అనే లోకానికి నాలుగేళ్లు నడవాలి, మధ్యలో ఒక నది దాటాలి. దాటించేది కుక్క. మనవాళ్లు ఆవు తోక పట్టుకుని వైతరణి దాటుతారు. అందుకే గోదానం. ఒకరి గాలి ఒకరికి సోకని రెండు దేశాలు చావుకు అడ్డంగా ఒకే ఏరు గీసుకున్నాయి.

పువ్వు పుట్టుకకు జనం చెప్పుకునే కథ ఒకటుంది. షోచిట్ల్, హుయిట్జిలిన్ చిన్ననాటి జత. రోజూ కొండెక్కి సూర్యదేవుడు టోనటియూకి పూలు పెట్టేవారు. కుర్రాడు యుద్ధంలో చనిపోయాడు. ఆ పిల్ల కొండెక్కి, మమ్మల్ని మళ్లీ కలపమని సూర్యుణ్ణి వేడుకుంది. ఒక కిరణం తాకగానే ఆమె బంగారు రంగు మొగ్గ అయింది. కుర్రాడు తేనెపిట్టయి వచ్చి వాలాక ఆ మొగ్గ విచ్చుకుంది.

1521లో అజ్టెక్కుల రాజధాని స్పెయిన్ చేతికి చిక్కింది. పోయినవారికోసం జరిపే పాత వేడుకలు క్రమంగా క్రైస్తవుల ‘సకల ఆత్మల దినం’లో కలిసిపోయాయి. దేవుళ్ల పేర్లు మారాయి గాని, వానలు వెనక్కి తగ్గగానే విరగబూసే ఈ పువ్వును ఎవరూ ఆపలేకపోయారు.

సముద్రాలు దాటేసరికి దాని ఊరు పేరు మాత్రం జనం మరచిపోయారు. ఉత్తర ఆఫ్రికా తీరాన చూసిన ఐరోపావాళ్లు దాన్ని ‘ఆఫ్రికన్ మారిగోల్డ్’ అన్నారు. ఆ తప్పు పేరే ఇప్పటికీ విత్తనాల పొట్లాల మీద ఉంది. మన దేశానికి పోర్చుగీసువారి కాలంలో వచ్చిందంటారు. తమిళంలో ‘తులుక్క సామంది’, అంటే తురకచామంతి అన్న పేరుంది. ఎక్కడిదో పరాయిది అన్న గుర్తు అందులో మిగిలింది. కన్నడిగులు చెండుహూవు అన్నారు, మనం బంతి అన్నాం. ఎక్కడినుంచి వచ్చావని అడక్కుండా ముద్దుగా గుండ్రంగా ఉందని బంతి అని పిలుచుకోవడం నాకెంతో ఇష్టం.

పర్చూరు నల్లరేగడిలో ఇంకో విశేషం చూడొచ్చు. ఇక్కడ పండే మిరప పుట్టిందీ మెక్సికోలోనే. ‘చిల్లీ’ అన్న మాట కూడా నహువాట్ల్‌దే. ఇప్పుడు చేలల్లో ఎక్కువగా కనిపించే అమెరికన్ రకం పత్తి మూలం కూడా ఆ ప్రాంతమే. ఆ మిరప చేలో, పత్తి చేలో ఎర పంటగా బంతి వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. శనగపచ్చ పురుగు తల్లి రెక్కలపురుగు పచ్చని బంతిమీద మోజుపడి అక్కడ గుడ్లు పెడుతుంది. రైతు అక్కడే పురుగును పట్టుకుంటాడు. బంతి వేళ్లనుంచి వచ్చే రసాయనం నేలలోని నులిపురుగులను కూడా అణచివేస్తుంది. ఒకే నేలలో పుట్టిన మూడు మొక్కలు, ఎన్నో వేల మైళ్లు దాటొచ్చి, పర్చూరు చేలో మళ్లీ పక్కపక్కన నిలబడి ఒకదానికొకటి కాపు కాస్తున్నాయి.

ఇంతచేసినా కొన్ని ఇళ్లలో బంతిపువ్వును దేవుడి తలమీద పెట్టరు. గుమ్మం దగ్గరే దాని చోటు. తోరణంలో మామిడాకుల మధ్య, ధనుర్మాసమంతా గొబ్బెమ్మ నెత్తిన. గొబ్బెమ్మకు పెట్టే మరో పువ్వు, తీపి గుమ్మడి పువ్వు కూడా అమెరికా ఖండాలదే. మెక్సికోలో దాన్ని కూర వండుకు తింటారు. (గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడి వేరు. అది మన తూర్పు దేశాలదే.)

సంక్రాంతి మనకు పెద్దల పండుగ. అరిసెలు వండి, కొత్త బట్టలు తెచ్చి, ఫొటోల ముందు పెట్టి, తాతలను ముత్తాతలను పేరుపేరునా తలుచుకుంటారు. పెద్దలు వచ్చి చూసుకుని వెళ్తారని మా వైపు ఇప్పటికీ అంటారు. ఆ పొద్దున వాకిట్లో, వాళ్లు లోపలికి రావలసిన చోట, ముగ్గు మధ్యన బంతిపూలు ఉంటాయి. అవి అక్కడ ఎందుకుండాలో మెక్సికోనుంచి వచ్చి మనకెవరూ చెప్పలేదు.

పండుగ దాటాక గొబ్బెమ్మలను తట్టి, ఎండబెట్టి పిడకలు చేస్తారు. వాడిన రేకులు కొన్ని ఆ పేడలోనే ఉండిపోతాయి. రథసప్తమినాడు తులసికోట ముందు, సూర్యుడికి ఎదురుగా ఆ పిడకలు రాజేసి పాలు పొంగిస్తారు.